దసరా సెలవుల్లో పాత మోడల్ విమానం ఎగరేసే ముందు

వానాకాలమంతా అటకమీదున్న రేడియో కంట్రోల్ విమానాన్ని మైదానానికి తెస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి.

– ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసే ముందు మీ చానల్ నంబరు అందరికీ వినపడేలా చెప్పండి. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు ఒకదాన్నొకటి తప్పుకుంటాయి గానీ, పాత 35, 72 మెగాహెర్ట్జ్ సెట్లు తప్పుకోలేవు. అదే చానల్‌లో ఇంకొకరు స్విచ్ వేస్తే గాల్లో ఉన్న విమానం అదుపు తప్పుతుంది. అది ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

– రెక్కకు కొత్త రబ్బరు బ్యాండ్లే వేయండి. పాతవి సాగదీసి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, అవి విమానం గాల్లో లూప్ (నిలువుగా గుండ్రటి పల్టీ) కొట్టేటప్పుడే తెగుతాయి.

– ట్రాన్స్‌మిటర్ ఏరియల్ మడిచి 30 అంగలు దూరం పోయి, ఇంజన్ నడుస్తుండగా రేంజ్ (సిగ్నల్ అందుతోందా లేదా) చూడండి. చుక్కాని వణికిందా, ఆ రోజుకు వద్దు.

– తేమకు బాల్సా (తేలికపాటి చెక్క) రెక్క మెలి పడుతుంది. వెనకనుంచి చూస్తే తెలుస్తుంది.

– వరంగల్ దగ్గరి మామునూరు వైపైతే డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూశాకే బయల్దేరండి, అది ఎయిర్‌పోర్టు స్థలం.