ఎలక్ట్రాన్ ఉద్గారకాలపై కార్బైడ్ పొరను మైక్రోస్కోపుతో పరిశీలించే విధానం

టంగ్‌స్టన్ పని ప్రమేయం (ఉపరితలం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను బయటకు రాబట్టడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు కాగా జిర్కోనియం కార్బైడ్‌ది దాదాపు 3.5 మాత్రమే, పైగా 3,400 డిగ్రీల సెల్సియస్ వరకు అది కరగదు కనుక, ఉద్గారకాల లోహపు మొనలపై దాని పలుచని పొరను పూసి తక్కువ విద్యుత్ క్షేత్రంతోనే ఎలక్ట్రాన్లను రాబట్టవచ్చు.

పరిశీలనలో క్రమం ముఖ్యం. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోని పుంజం, గదిలో మిగిలిన హైడ్రోకార్బన్లను విడగొట్టి నమూనాపై కర్బన మలినాన్ని పేరుస్తుంది కాబట్టి, ఎత్తుపల్లాలను ముందుగా అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపుతో (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి ఎత్తులు కొలిచే పరికరంతో), ఉద్గారకపు మొనపై కాక, అదే విడతలో పూత పూసిన చదునైన సిలికాన్ ముక్కపై కొలవాలి. సగటు గరుకుదనాన్ని సూచించే ఒక్క అంకెతో సరిపెట్టుకోవడం సాధారణంగా కనిపించే లోపం. విద్యుత్ క్షేత్రం పదునైన శిఖరాల వద్ద కేంద్రీకృతమవుతుంది, ఉద్గార ప్రవాహం ఆ క్షేత్రంతో ఘాతీయంగా పెరుగుతుంది. కాబట్టి సగటు ఒకటే అయిన రెండు పొరలు ఎంతో భిన్నంగా ప్రవర్తించగలవు. శిఖరాల వక్రతా వ్యాసార్ధాన్ని, అంటే వాటి కొసల పదును ఎంతో, విడిగా నమోదు చేయాలి, అయితే మైక్రోస్కోపు సూది మొనకంటే సన్నని శిఖరం చిత్రంలో లావుగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

పగుళ్లు, రేణువుల పరిమాణం, అంచుల వద్ద పొర ఊడిన చోట్లు ఆ తరువాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తేలికగానే తెలుస్తాయి. రూపం మాత్రం రసాయన సంఘటనాన్ని చెప్పదు: గాలి తగిలిన పొరపై ఏర్పడే ఆక్సైడును, కార్బైడులో చేరని స్వేచ్ఛా కర్బనాన్ని గుర్తించడానికి ఎక్స్-కిరణ ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం (ఎక్స్-కిరణాలు వెలికితీసిన ఎలక్ట్రాన్ల శక్తిని బట్టి మూలకాలను, వాటి బంధాలను చూపే పట్టిక) కావాలి. ఆ వర్ణపటపు రేఖలో కార్బైడు కర్బన శిఖరం 282 ఎలక్ట్రాన్ వోల్టుల బంధన శక్తి దగ్గర, మలిన కర్బనానిది 285 దగ్గర కనిపిస్తాయి. ఉద్గార పరీక్షకు ముందూ తరువాతా ఒకే చోటును చిత్రించగలిగేలా నమూనాపై గుర్తు పెట్టుకోవాలి.