వారం వర్కవుట్‌లో కోర్ వ్యాయామాలు: ఏ రోజు, ఎంత, ఎలా

కోర్ (పొట్ట, నడుము చుట్టూ మొండాన్ని పట్టి ఉంచే కండరాలు) కోసమని వారంలో ఒక రోజు విడిగా పెట్టుకుంటే, ఏదైనా పని అడ్డొచ్చిన వారం మొదట ఎగిరిపోయేది ఆ రోజే. దానికన్నా ఇప్పటికే చేస్తున్న వర్కవుట్ల చివర పది పన్నెండు నిమిషాలు తగిలించడం మేలు. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి రెండు వ్యాయామాలు, ఒక్కోదానికి రెండు మూడు సెట్లు (ఆగకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్). చాలామందికి ఇది చాలు. రోజూ వంద క్రంచ్‌లు (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి ముడవడం) చేసేవాళ్లకు వచ్చేది ఎక్కువగా క్రంచ్‌లు చేయగల ఓపికే. బరువు ఎత్తేటప్పుడు నడుము నిలబడడం వేరే విద్య.

ఎందుకంటే కోర్ అసలు పని వంగడం కాదు, వంగకుండా ఆపడం. పొట్ట మీద కనిపించే సిక్స్‌ప్యాక్ కండరం అందులో ఒక ముక్క. పక్కల ఏటవాలుగా సాగే కండరాలు, వాటి అడుగున నడుముకు బెల్టులా చుట్టుకున్న లోపలి పొర, వెన్నెముక పొడవునా ఉండే కండరాలు, పైన డయాఫ్రం (ఊపిరితిత్తుల కింది కండరం), కింద పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగున ఉండే కండరాలు), వీటన్నిటికీ తోడు పిరుదుల కండరాలు కలిస్తేనే కోర్. కాళ్లలో పుట్టిన బలం చేతుల దాకా వెళ్లేటప్పుడు మధ్యలో మొండెం మెలికలు పోకుండా పట్టి ఉంచేది ఇవే. కాబట్టి వారం మొత్తం మీద నాలుగు పనులకు శిక్షణ అందాలి: నడుము వెనక్కి విల్లులా వంగకుండా ఆపడం, పక్కకు ఒరగకుండా ఆపడం, మెలి తిరగకుండా ఆపడం, చివరగా మొండాన్ని అదుపులో ముందుకు ముడవడం. మొదటి మూడింటినీ వదిలేసి నాలుగోదాన్నే నాలుగు రకాలుగా చేయడం మామూలుగా జరిగే పొరపాటు.

వారంలో ఎక్కడ పెట్టాలి

వారానికి మూడు రోజులు ఒళ్లంతటికీ వర్కవుట్ చేసేవాళ్లకు లెక్క తేలిక (ఒక్కో వ్యాయామం ఎలా చేయాలో కింద ఉంది). సోమవారం చివర డెడ్ బగ్, సూట్‌కేస్ క్యారీ. బుధవారం సైడ్ ప్లాంక్, పాలోఫ్ ప్రెస్. శుక్రవారం ప్లాంక్, రివర్స్ క్రంచ్. నాలుగు పనులూ వారంలో ఒక్కసారైనా వచ్చేస్తాయి, ఏ కండరమూ వరుసగా రెండు రోజులు నలగదు.

పైభాగం, కిందిభాగం అని నాలుగు రోజులుగా విడగొట్టుకున్నవాళ్లు కష్టమైన కోర్ వ్యాయామాలను పైభాగం రోజులకు వేసుకోవాలి. స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును ఎత్తి నిలబడడం) చేసిన రోజు వెన్ను కండరాలు అప్పటికే బాగా పనిచేసి ఉంటాయి. ఆ రోజు కావాలంటే ఒక్క సైడ్ ప్లాంక్‌తో సరిపెట్టండి. అలాగని స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ చేస్తే కోర్ వ్యాయామమే అక్కర్లేదనడం సగమే నిజం. అవి వెన్ను కండరాలకు చాలినంత పని చెబుతాయి కానీ, పొట్ట ముందుభాగానికీ పక్కలకూ అంత అందదు.

పరుగెత్తేవాళ్లు తేలిక పరుగు పూర్తయ్యాక చేయాలి. వేగంగా పరుగెత్తే రోజుకూ, దూరం పరుగుకూ ముందురోజు సాయంత్రం వద్దు. నడక తప్ప వేరే వ్యాయామం లేనివాళ్లు మధ్యలో రెండు రోజుల విరామం ఉండేలా వారంలో రెండు రోజులు ఎంచుకుంటే చాలు.

బరువుల కంటే ముందు కోర్‌ను అలసిపోయేదాకా చేయకండి. అలసిన మొండెంతో స్క్వాట్‌కు దిగితే నడుము బిగువు నిలవదు, ఆ భారం వెన్నుపూసల మీదికీ లిగమెంట్ల (ఎముకలను కలిపే పట్టీల) మీదికీ పోతుంది. వార్మప్‌లో బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, రెండో పక్క కాలు చాపడం) ఒక్కో పక్కకు ఐదుసార్లు చేయడం వేరు. అది అలసట తేదు, కండరాలను మేల్కొలుపుతుంది.

ఉదయం లేవగానే చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఆ స్థితిలో బాగా ముందుకు వంగితే వాటిపై ఒత్తిడి మామూలుకన్నా ఎక్కువ పడుతుంది. లేచిన మొదటి గంటలో సిటప్‌లు, కాలి వేళ్లు అందుకునే వంగుళ్లు మానేసి ప్లాంక్, బర్డ్ డాగ్ లాంటివి చేసుకోవచ్చు.

ముందు బిగించడం రావాలి

ఏ వ్యాయామమైనా దీని మీదే ఆధారపడుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తుంటి ముందు ఎముకలకు రెండు అంగుళాలు లోపలగా వేళ్లు ఆనించి చిన్నగా దగ్గండి. వేళ్ల కింద గట్టిపడినదే మీకు కావలసిన బిగువు. దాన్ని దగ్గు లేకుండా తెచ్చుకుని, అలా ఉంచుతూనే ఊపిరి తీసి వదలగలగాలి. పొట్టను లోపలికి పీల్చకండి. పీలిస్తే నడుము చుట్టూ ఆధారం సన్నబడుతుంది. పక్కటెముకలు పైకి ఎగదన్నకూడదు. ఊపిరి పూర్తిగా వదిలితే అవి వాటంతటవే దిగుతాయి.

ఒక్కో వ్యాయామం

డెడ్ బగ్: వెల్లకిలా పడుకుని చేతులు కప్పు వైపు నిటారుగా, తుంటి, మోకాళ్లు తొంభై డిగ్రీల్లో. నడుము నేలకు ఆని ఉండాలి. ఊపిరి వదులుతూ కుడిచేతిని తల వెనక్కి, ఎడమకాలిని ముందుకు మూడు నాలుగు సెకన్లలో దించండి. మడమ నేలకు అంగుళం పైన ఆగాలి. తర్వాత రెండో పక్క. ఒక్కో పక్కకు ఆరు నుంచి ఎనిమిది, మూడు సెట్లు. నడుము కింద సన్నని తువ్వాలు వేసి పక్కవాళ్లను లాగమనండి. జారి వచ్చేసిందంటే నడుము లేచిపోతోందని అర్థం. అప్పుడు కాలు చాపడం మానేసి, మోకాలు మడిచే ఉంచి మడమతో నేలను తాకండి. ఇది చూడ్డానికి తేలికగా ఉంటుంది. సరిగ్గా చేస్తే ఆరో రెప్‌కే (ఒకసారి చేస్తే ఒక రెప్) పొట్ట వణుకుతుంది. వణకలేదంటే వేగంగా కానిచ్చేస్తున్నారన్నమాట.

ప్లాంక్: బోర్లా పడుకుని, మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని ఒకే గీతలో ఎత్తి పట్టాలి. మోచేతులు సరిగ్గా భుజాల కింద. పిరుదులు గట్టిగా బిగించి కటిని (తుంటి ఎముకల భాగాన్ని) కొద్దిగా లోపలికి తిప్పండి. మోచేతులను కాలివేళ్ల వైపు లాగుతున్నట్టు నేలను నొక్కండి, అవి కదలకూడదు. ఇలా చేస్తే ఇరవై సెకన్లే చాలా ఎక్కువ. పది సెకన్లు పట్టి, ఐదు సెకన్లు మోకాళ్లు దించి, మళ్లీ పది. ఇలా ఐదుసార్లు చేస్తే ఒక సెట్. మూడు నాలుగు నిమిషాల ప్లాంక్ వెనక పడటంలో పెద్ద ప్రయోజనం లేదు. నిమిషం తేలిగ్గా దాటుతోందంటే ఒక కాలు ఎత్తడమో, మోచేతులను అరచేయి దూరం ముందుకు జరపడమో చేసి కష్టం పెంచండి. ప్లాంక్‌లో నడుము నొప్పి పుడితే దాదాపు ఎప్పుడూ తుంటి కిందికి జారి ఉంటుంది. పిరుదులు పైకి లేచిపోయాయంటే పొట్ట పని వదిలేసింది.

సైడ్ ప్లాంక్: పక్కకు తిరిగి పడుకుని ఒక మోచేతి మీద తుంటిని ఎత్తి పట్టాలి. మోచేయి భుజం కింద, తల నుంచి పాదం దాకా ఒకే గీత. పై పాదాన్ని కింది పాదం ముందు పెడితే నిలకడ బాగుంటుంది. కొత్తవాళ్లు మోకాళ్లు మడిచి మోకాలి మీద ఆనుకోవాలి. పదిహేను నుంచి ముప్పై సెకన్లు, ఒక్కో పక్కకు మూడుసార్లు. ఎప్పుడూ బలహీనమైన పక్కతో మొదలుపెట్టి, బలమైన పక్కను కూడా అంతసేపే ఉంచండి. భుజం చెవి దగ్గరికి వచ్చేస్తోందంటే మోచేతితో నేలను ఇంకా బలంగా నెట్టాలి.

పాలోఫ్ ప్రెస్: రెసిస్టెన్స్ బ్యాండ్‌ను ఛాతీ ఎత్తులో స్తంభానికి కట్టి దానికి పక్కగా నిలబడండి. జిమ్‌లో అయితే కేబుల్ మెషీన్. రెండు చేతులూ కలిపి రొమ్ము దగ్గర పట్టుకుని నేరుగా ముందుకు నెట్టి, రెండు సెకన్లు ఆపి, వెనక్కి తేండి. బ్యాండ్ మిమ్మల్ని తన వైపు తిప్పాలని చూస్తుంది, మీరు తిరగనివ్వకూడదు. ఒక్కో పక్కకు ఎనిమిది నుంచి పది. స్తంభానికి దూరం జరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది. తుంటి తిరిగిపోతుంటే ఒక అడుగు దగ్గరికి రండి.

సూట్‌కేస్ క్యారీ: ఒక చేతిలోనే డంబెల్ లేదా కెటిల్‌బెల్ పట్టుకుని ఇరవై ముప్పై మీటర్లు నడవడం, తర్వాత చేయి మార్చడం. శరీర బరువులో ఐదో వంతుతో మొదలుపెట్టవచ్చు, అంటే అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. బరువు వైపు ఒరిగితే ఎక్కువైందని అందరికీ తెలుస్తుంది. రెండో వైపుకు వాలి నడవడమే కనిపించని తప్పు. అద్దం ముందు ఒకసారి చూసుకోండి.

రివర్స్ క్రంచ్ అంటే వెల్లకిలా పడుకుని మడిచిన మోకాళ్లను ఛాతీ వైపు తేవడం. ఇందులో ఒక్కటే కీలకం. కాళ్లు ఊపడం కాదు, కటి నేల నుంచి లేవాలి. దించడానికి మూడు సెకన్లు. ఎనిమిది నుంచి పన్నెండు.

నడుము సున్నితంగా ఉన్నవాళ్లకు ఈ జాబితా కన్నా చిన్నది ఉంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక బయోమెకానిక్స్ మీద పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలు: కర్ల్ అప్, సైడ్ ప్లాంక్, బర్డ్ డాగ్. ఒక్కోటి పది సెకన్లలోపే పట్టి వదలాలి. మొదటి వరసలో ఆరు, తర్వాత నాలుగు, తర్వాత రెండు, ఇలా తగ్గించుకుంటూ పోవాలి. కర్ల్ అప్‌లో ఒక మోకాలు మడిచి, నడుము కింద అరచేతులు పెట్టి, తల, భుజాలు నేల నుంచి కొద్దిగా మాత్రమే ఎత్తాలి. బర్డ్ డాగ్‌లో చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, దానికి రెండో పక్క కాలు చాపాలి. కాలిని తుంటి ఎత్తు దాటించకూడదు, దాటితే నడుము వంగిపోతుంది.

కష్టం పెంచడం, ఆపడం

ఒక వారంలో ఒక్కటే మార్చండి: రెండు రెప్‌లు, లేదా ఐదు సెకన్లు, లేదా కొంచెం బరువు. చెప్పిన పరిధిలో పై అంకె రెండు వర్కవుట్లలో వరుసగా సాఫీగా వస్తే కష్టమైన రకానికి మారి, మళ్లీ కింది అంకె నుంచి మొదలుపెట్టండి. భంగిమ చెడిన క్షణమే సెట్ అయిపోయినట్టు, అంకె పూర్తి కాకపోయినా సరే. కండరాల నొప్పి రెండు రోజులు దాటి ఉంటే వచ్చేసారి ఒక సెట్ తగ్గించండి.

ఊపిరి బిగపట్టడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. రక్తపోటు ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. వాళ్లు పది సెకన్లకు మించి పట్టే వ్యాయామాలను వదిలి, గట్టిగా అంకెలు లెక్కబెడుతూ చేస్తే ఊపిరి ఆగదు. పాదాలను ఎవరో పట్టుకోగా చేసే సిటప్‌లో పనిలో ఎక్కువ భాగం తొడ పైభాగపు కండరాలే చేస్తాయి, నడుమును లాగుతాయి. క్రంచ్‌లో మెడ నొప్పి వస్తే చేతులతో తలను లాగుతున్నారు. ఇక వీటితో పొట్ట కొవ్వు కరుగుతుందని ఎదురుచూడకండి. ఒక చోట కండరాన్ని పని చేయిస్తే ఆ చోటి కొవ్వే తగ్గదు, అది మొత్తం ఆహారం, ఖర్చయ్యే శక్తి లెక్క.

కాన్పు తర్వాత వ్యాయామం చేసేటప్పుడు పొట్ట మధ్య గీత వెంట కండ ఉబ్బి పైకి వస్తుంటే ఆ వ్యాయామం ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. హెర్నియా ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి వస్తే అది వ్యాయామపు అలసట కాదు, ఆపేయండి.

ఐదు నిమిషాలే దొరికిన రోజు సైడ్ ప్లాంక్ ఒక్కో పక్కకు ఇరవై సెకన్లు, డెడ్ బగ్ ఒక్కో పక్కకు ఆరు, మధ్యలో విరామం లేకుండా రెండు మూడు చుట్లు. మెలి తిరగకుండా ఆపే పాలోఫ్ ప్రెస్ ఆ రోజు తప్పిపోతే వచ్చేసారి దాంతోనే మొదలుపెట్టండి.