డ్రగ్స్ పేరుతో అమెరికా ఆర్మీ నుంచి పంపేశారా? డిశ్చార్జ్ అప్‌గ్రేడ్ ఎక్కడ ఆగుతోంది, ఏం చేయాలి

యూరిన్ టెస్టు పాజిటివ్ వచ్చింది, కొన్ని వారాల్లోనే కాగితాల మీద సంతకాలు పెట్టించి గేటు దాటించారు, ఇంటికొచ్చాక ఆ డీడీ 214ను, అంటే సైన్యం ఇచ్చిన డిశ్చార్జ్ పత్రాన్ని, బీరువా అడుగున పెట్టేసి మళ్లీ దాని జోలికి పోలేదు. డ్రగ్స్ కారణంగా అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చిన వాళ్లు నాకు చెప్పే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఇదే. నేను లాయర్‌ని కాదు, వెటరన్లకు రికార్డులు తెప్పించడంలో, ఫారాలు నింపడంలో కొన్నేళ్లుగా సాయం చేస్తున్నాను. స్టూడెంట్ వీసా మీద ఉండి, కొన్ని నైపుణ్యాలున్న విదేశీయులను సైన్యంలో చేర్చుకున్న మావ్ని పథకంలో చేరిన మన కుర్రాళ్లూ, ఇక్కడే పుట్టి పెరిగి చేరిన మనవాళ్ల పిల్లలూ ఇందులో ఉన్నారు. కొందరు ఊళ్లో అమ్మానాన్నలకు ఇప్పటికీ "కాంట్రాక్టు అయిపోయింది" అనే చెబుతున్నారు. అందుకే తెలుగులో రాస్తున్నాను.

ముందే ఒక సంగతి. మీరు డ్రగ్స్ వాడారన్నది ఫైల్లో ఎలాగూ ఉంది, డిశ్చార్జ్ అప్‌గ్రేడ్, అంటే డిశ్చార్జ్ రకాన్ని మెరుగైనదిగా మార్చడం, నిర్ణయించే బోర్డుకి దాని గురించి మీరు కొత్తగా చెప్పేదేం లేదు. వాళ్లు వెతికేది మూడు విషయాలు: ఎందుకు వాడారు, మిమ్మల్ని పంపేటప్పుడు ఆర్మీ తన రూల్స్ తాను పాటించిందా, ఆ తర్వాత మీరెలా బతికారు. తిరస్కరించిన అప్లికేషన్లు నేను చూసినవాటిలో ఎక్కువ భాగం క్షమాపణతో మొదలై క్షమాపణతోనే ముగిశాయి, ఈ మూడింటిలో ఒక్కదాని గురించి కూడా ఒక్క కాగితం లేదు.

సమస్య: అసలు నాకు వచ్చింది ఏ డిశ్చార్జో సరిగ్గా తెలియదు

కారణం: చాలామంది దగ్గర డీడీ 214 మెంబర్ 1 కాపీయే ఉంటుంది, అందులో డిశ్చార్జ్ వివరాలు ఉండవు.

పరిష్కారం: మెంబర్ 4 కాపీ తీయండి. 24వ గడిలో డిశ్చార్జ్ రకం (అన్నిటికన్నా మంచిది హానరబుల్, దాని కింద జనరల్, ఆ కింద అదర్ దాన్ హానరబుల్), 25లో ఏ రూల్ కింద పంపారు, 26లో సెపరేషన్ కోడ్, 27లో మళ్లీ చేరడానికి సంబంధించిన కోడ్, 28లో కారణం ఉంటాయి. ఆర్మీలో డ్రగ్స్ కేసుకి సాధారణంగా కనిపించే కోడ్ జేకేకే, పక్కన కారణంగా "మిస్‌కాండక్ట్, డ్రగ్ అబ్యూజ్" అని ఉంటుంది. కాపీ పోతే సెయింట్ లూయిస్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి ఎస్‌ఎఫ్ 180 ఫారం పంపి తెప్పించుకోవచ్చు, ఫీజు ఉండదు. అదే ఉత్తరంలో డీడీ 214 ఒక్కటే కాకుండా మొత్తం పర్సనెల్ (సర్వీసు) ఫైలు, మెడికల్ రికార్డు, సెపరేషన్ ప్యాకెట్ (మిమ్మల్ని పంపేసినప్పటి కాగితాల కట్ట) కూడా అడగండి. ఈ సెపరేషన్ ప్యాకెట్ లేకుండా అప్లికేషన్ వేయడం అంటే చీకట్లో రాయి విసరడమే.

సమస్య: "ఆరు నెలలు ఆగితే అదే హానరబుల్ అయిపోతుంది" అన్నారు, అవలేదు

కారణం: అలాంటి రూలే లేదు. ఎన్నో దశాబ్దాలుగా బ్యారక్‌లలో తిరుగుతున్న మాట ఇది, సంతకం పెట్టించే వేళ పక్కనున్నవాళ్లు ధైర్యం చెప్పడానికి అనేస్తారు. అడగకపోతే ఎప్పటికీ మారదు. 2022 అక్టోబరులో గంజాయి కేసులకు అధ్యక్షుడు బైడెన్ ఇచ్చిన క్షమాభిక్షతో తమ డిశ్చార్జ్ కూడా మారిపోయిందనుకుని ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. అది మామూలు ఫెడరల్ చట్టం కింద గంజాయి దగ్గరున్న కేసులకు ఇచ్చింది, సైనిక చట్టంలో డ్రగ్స్‌కి సంబంధించిన ఆర్టికల్ 112ఏ కేసులు అందులో లేవు.

పరిష్కారం: అప్లికేషన్ వేయడమే.

సమస్య: ఏ బోర్డుకి వేయాలి, గడువు దాటిపోయిందేమో

డిశ్చార్జ్ అయి 15 ఏళ్లు దాటకపోతే డీడీ ఫారం 293, మీ విభాగానికి చెందిన డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకి. 15 ఏళ్లు దాటితే, లేదా జనరల్ కోర్ట్ మార్షల్‌లో పడిన డిశ్చార్జ్ అయితే, డీడీ ఫారం 149, సైనిక రికార్డులు సరిదిద్దే కరెక్షన్ బోర్డుకి. కరెక్షన్ బోర్డుకి మూడేళ్ల గడువు అని చట్టంలో ఉంటుంది, అది చూసి చాలామంది అక్కడే వదిలేస్తారు. న్యాయం కోసం ఆ గడువును పక్కన పెట్టే అధికారం అదే చట్టం బోర్డుకి ఇచ్చింది. పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం మిగిల్చే మానసిక సమస్య) లాంటి కారణం ఉన్న కేసుల్లో గడువు చూడకుండా వినమని 2016 ఫిబ్రవరిలో పెంటగాన్ కూడా చెప్పింది. ఇంత ఆలస్యం ఎందుకైందో ఒక పేరాలో నిజం రాయండి చాలు. సిగ్గుతో ఇన్నాళ్లూ ముట్టుకోలేదన్నా అది కారణమే.

సమస్య: తప్పు ఒప్పుకుని, క్షమించమని వేడుకుని రాశాను, తిరస్కరించారు

నన్ను అడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

కారణం: ఆర్మీ చేసింది సరైనదేనని అనుకునే బోర్డు మొదలుపెడుతుంది. కాదని చూపించే భారం మీ మీదే. మీ ఉత్తరంలో పశ్చాత్తాపం ఎంత ఉన్నా, డిశ్చార్జ్ ఎందుకు అన్యాయమో లేకపోతే వాళ్లు మార్చడానికి ఆధారమే దొరకదు.

పరిష్కారం: 2014 సెప్టెంబరులో అప్పటి రక్షణ మంత్రి హేగెల్ ఇచ్చిన మెమో, 2017 ఆగస్టు 25న పెంటగాన్ నుంచి వచ్చిన కుర్టా మెమో, ఈ రెండూ మీ చేతిలో ఉండాలి. పీటీఎస్‌డీ, తలకు దెబ్బ, సర్వీసులో జరిగిన లైంగిక దాడి లేదా వేధింపు, ఇతర మానసిక సమస్యలు ఉన్న కేసులను ఉదారంగా చూడాలని ఇవి చెబుతాయి. ఆ బాధ తట్టుకోలేక డ్రగ్స్ ఆశ్రయించడాన్ని, సొంత వైద్యంలా వాడడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని కుర్టా మెమోలో స్పష్టంగా ఉంది. అందులో బోర్డు వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు: ఆ సమస్య లేదా అనుభవం మీకు ఉందా, అది సర్వీసులో ఉన్నప్పటిదేనా, ఆ తప్పుకి అది నిజంగా కారణమా లేదా తప్పు తీవ్రతను తగ్గిస్తుందా, చివరికి తూకం వేస్తే అది డిశ్చార్జ్ కన్నా బరువైనదేనా. మీ స్టేట్‌మెంట్‌ని సరిగ్గా ఈ నాలుగు శీర్షికలతోనే రాయండి. చదివేవాళ్లకు వెతుక్కునే పని ఉండకూడదు.

తేదీలే మీ ప్రాణం. ఫలానా నెలలో డిప్లాయ్‌మెంట్ (విదేశీ డ్యూటీ) నుంచి తిరిగొచ్చాను, ఫలానా నెల నుంచి నిద్ర పట్టలేదు, క్లినిక్‌కి వెళ్లాను, ఆ తర్వాత రెండు నెలలకు పాజిటివ్ వచ్చింది, అంతకు ముందు మూడేళ్లు ఒక్క మచ్చ లేదు. ఇలా వరుసగా పెడితే కారణానికీ తప్పుకీ మధ్య లంకె దానంతటదే కనిపిస్తుంది. అప్పట్లో డాక్టర్ దగ్గరికి వెళ్లలేదా? ఫర్వాలేదు, సర్వీసు రికార్డు బయటి ఆధారాలు కూడా చెల్లుతాయి, మీ మాట ఒక్కటే కూడా ఆధారం కావచ్చని మెమోలోనే ఉంది. అయినా ఇప్పటి డాక్టర్ చేత లెటర్ రాయించండి. అందులో "ఈయనకు పీటీఎస్‌డీ ఉంది" అని రాసి వదిలేస్తే సగమే పని అయినట్టు, సర్వీసులో ఉండగానే లక్షణాలు మొదలయ్యాయనీ, డ్రగ్స్ వాడకానికి వాటితో సంబంధం ఉందనీ కారణాలతో రాయాలి. రూమ్మేట్, స్క్వాడ్ లీడర్, భార్య, ఆ రోజుల్లో ఫోన్లో మీ గొంతు మారిపోయిందని గమనించిన అమ్మ, వీళ్ల స్టేట్‌మెంట్లు కూడా పెట్టండి. అమ్మ తెలుగులో రాసిచ్చినా సరే, ఇంగ్లీష్ అనువాదం జత చేయండి. ఒక కుర్రాడి ఫైల్లో వాళ్లమ్మ రాసిన పేజీన్నర చదివి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. దాంట్లో వాదన ఏమీ లేదు, ఏ పండక్కి ఫోన్ చేస్తే ఏమన్నాడో, ఎప్పటి నుంచి చేయడం మానేశాడో అంతే ఉంది.

మానసిక సమస్య ఏమీ లేదు, కుర్రతనంలో పార్టీలో తాగినట్టే అదీ తాగాను అనేవాళ్లు లేనిది కల్పించవద్దు, దొరికిపోతారు, అంతకన్నా ముఖ్యంగా అది నిజం కాదు. మీ దారి 2018 జులై 25 నాటి విల్కీ మెమో. న్యాయం, కనికరం ఆధారంగా ఎలా చూడాలో అది చెబుతుంది: అప్పటి వయసు, తప్పు ఎంత చిన్నది, ఎంత కాలమైంది, మిగతా సర్వీసు ఎలా ఉంది, బయటికొచ్చాక ఏం చేశారు. చదువు, ఉద్యోగం, రికవరీ సర్టిఫికెట్లు, క్లీన్ పోలీస్ రికార్డు, సేవ చేసిన చోటి లెటర్లు, అన్నీ కాగితం రూపంలో ఉండాలి.

సమస్య: నేనే సాయం అడిగాను, అదే నా మీద వాడారు

కారణం: ఇది ఆర్మీవాళ్లు తరచూ చూసుకోని విషయం, కానీ దొరికితే చాలా బలమైనది. మీ అంతట మీరే వచ్చి చికిత్స అడిగినప్పుడు చెప్పిన మాటలు, డ్యూటీ చేయగలరో లేదో చూడడానికి కమాండర్ చేయించిన టెస్టు ఫలితం, ఇలాంటివాటికి "లిమిటెడ్ యూజ్" అనే రక్షణ ఉంటుంది. వాటిని సెపరేషన్ ఫైల్లో ప్రభుత్వమే ఆధారంగా పెడితే హానరబుల్ తప్ప వేరేది ఇవ్వడానికి ఆర్మీ రూల్స్ ఒప్పుకోవు.

పరిష్కారం: సెపరేషన్ ప్యాకెట్‌లో టెస్టు కాగితం, అంటే డీడీ ఫారం 2624, వెతికి టెస్టు ఎందుకు చేశారో చెప్పే రెండక్షరాల కోడ్ చూడండి. ఐఆర్, ఐయూ అంటే మామూలు తనిఖీ, వాటికి రక్షణ లేదు. సీఓ అంటే డ్యూటీకి పనికొస్తారా అని చేసింది, ఆర్‌ఓ అంటే చికిత్సలో భాగం, ఇవి కనిపిస్తే వెంటనే లాయర్‌కి చూపించండి. అదే ప్యాకెట్‌లో ఇంకో రెండు చూడండి. అదర్ దాన్ హానరబుల్ ఇచ్చే ఉద్దేశం ఉన్నప్పుడు పంపే ముందే ఆర్మీ అధికారుల బోర్డు ముందు విచారణ కోరే హక్కు మీకుంది, ఆ హక్కు గురించి చెప్పారా, లాయర్‌తో మాట్లాడనిచ్చారా? అంతకు ముందు 24 నెలల్లో యుద్ధ ప్రాంతానికి వెళ్లొచ్చి, పీటీఎస్‌డీ లేదా తల గాయం ఉందని తేలినా, తగిన ఆధారంతో మీరు చెప్పుకున్నా, పంపే ముందు వైద్య పరీక్ష చేయాలని 2009లో వచ్చిన చట్టం చెబుతుంది, చేశారా?

సమస్య: నేను తెలిసి తీసుకోలేదు

గసగసాల సంగతి మన ఇళ్లలో అడుగుతారు కాబట్టి చెప్తాను. కోడికూరలో, మసాలాలో వేసే గసగసాల వల్ల కోడీన్, మార్ఫిన్ పాజిటివ్ రావచ్చు, అందుకే వాటికి దూరంగా ఉండమని పెంటగాన్ 2023 ఫిబ్రవరిలో సైనికులను హెచ్చరించింది. కానీ గసగసాల వల్ల గంజాయి, కొకైన్ పాజిటివ్ రావు. ముందు ల్యాబ్ రిపోర్టులో ఏ పదార్థం, ఎంత పరిమాణం అని ఉందో చూసి అప్పుడు మాట్లాడాలి. గంజాయి జాతి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె, హెంప్ గమ్మీలు షాపులో అమ్ముతారు కదా అంటే, 2020 నుంచి సైన్యం వాటిని నిషేధించింది, రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా తేడా లేదు. మోకాలి నొప్పికి స్నేహితుడి ప్రిస్క్రిప్షన్ మాత్ర వేసుకున్న కేసులు వేరు, నొప్పి గురించి క్లినిక్ రికార్డులుంటే అవి విల్కీ మెమో కింద బాగా పనికొస్తాయి.

సమస్య: పౌరసత్వం పోతుందేమో అని టెన్షన్

మావ్ని ద్వారా సర్వీసు మీద పౌరసత్వం పొందినవాళ్లకు ఇది నిజంగా ఉన్న ప్రమాదం. మొత్తం ఐదేళ్ల గౌరవప్రదమైన సర్వీసు పూర్తవక ముందే అదర్ దాన్ హానరబుల్ లేదా అంతకన్నా కింది డిశ్చార్జ్ వస్తే ఆ పౌరసత్వాన్ని రద్దు చేసే వీలు చట్టంలో ఉంది. దానంతటదే పోదు, ప్రభుత్వం చర్య తీసుకోవాలి. జనరల్ డిశ్చార్జ్ గౌరవప్రదమైన పరిస్థితుల కిందే లెక్క. మీది అదర్ దాన్ హానరబుల్ అయితే అప్లికేషన్‌లో ఏం ఒప్పుకుంటున్నారో ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించకుండా పంపకండి.

సమస్య: అప్‌గ్రేడ్ వచ్చే లోపు వైద్యం ఎలా

బోర్డు నిర్ణయానికి నెలలు పడుతుంది, ఏడాది దాటిన కేసులూ చూశాను. వెటరన్ల వైద్యం, ప్రయోజనాలు చూసే ప్రభుత్వ శాఖ వీఏ తన లెక్క తాను వేరే చూసుకుంటుంది. డీడీ 214లో అదర్ దాన్ హానరబుల్ అని ఉన్నా, వీఏ మీ డిశ్చార్జ్‌ను తన ప్రయోజనాల కోసం విడిగా పరిశీలించి అర్హులేనని తేల్చవచ్చు, 2024 జూన్‌లో ఆ నిబంధనలు కొంత సడలాయి కూడా. కాబట్టి ఒకేసారి రెండు చోట్లా అప్లై చేయండి. అదర్ దాన్ హానరబుల్ ఉన్నా మానసిక వైద్యం అడగొచ్చు, కౌంటర్‌లో ఎవరో కుదరదు అంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. బతకాలనిపించని రాత్రి ఉంటే 988కి ఫోన్ చేసి 1 నొక్కండి, డిశ్చార్జ్ ఏమిటని అడగరు.

సమస్య: ఒకసారి తిరస్కరించారు, ఇంకేముంది

చాలా ఉంది. కాగితాల మీదే తీర్పు చెప్పి ఉంటే అదే రివ్యూ బోర్డు ముందు స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం అడగండి, అదీ 15 ఏళ్లలోపే, ఫోన్ ద్వారానో వీడియో ద్వారానో కూడా జరుగుతుంది. మనిషి గొంతు విన్నాక మారిన కేసులు నేను చూశాను, అందుకే మొదటిసారి కాగితాల రివ్యూ వేయించుకుని, అందులో ఏం లోటని చెప్పారో చూసి, అది పూడ్చుకుని హియరింగ్‌కి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఆ తర్వాత కరెక్షన్ బోర్డు. 2019 డిసెంబరు 20 లేదా ఆ తర్వాత డిశ్చార్జ్ అయినవాళ్లకు దానిపైన డిశ్చార్జ్ అప్పీల్ రివ్యూ బోర్డు కూడా ఉంది. కోర్టు దారి కూడా తెరిచే ఉంటుంది. ఉచితంగా సాయం కోసం అమెరికన్ లీజియన్, డీఏవీ, ఎన్‌వీఎల్‌ఎస్‌పీ లాంటి వెటరన్లకు సాయపడే సంస్థలను, దగ్గర్లోని లా కాలేజీ వెటరన్స్ క్లినిక్‌ని అడగండి. ముందే వేల డాలర్లు కట్టమని, గ్యారంటీ అని చెప్పేవాళ్ల దగ్గరికి పోకండి.

సమస్య: అప్‌గ్రేడ్ వచ్చింది, అయినా చదువుకి డబ్బు రాలేదు, ఉద్యోగంలో అదే ప్రశ్న

కారణం: అదర్ దాన్ హానరబుల్ నుంచి జనరల్‌కి మారితే వీఏ వైద్యం, డిజెబిలిటీ, ఇంటి లోన్ దారులు తెరుచుకుంటాయి, కానీ చదువు ఖర్చు ఇచ్చే పోస్ట్ 9/11 జీఐ బిల్‌కి పూర్తి హానరబుల్ కావాలి. ఇంకోటి, 24వ గడి ఒక్కటే మార్చమని అడిగితే 28లో "డ్రగ్ అబ్యూజ్" అలాగే ఉండిపోవచ్చు.

పరిష్కారం: మొదటి అప్లికేషన్‌లోనే అన్నీ అడగండి: హానరబుల్, కారణం డ్రగ్స్ మాట లేని "సెక్రెటేరియల్ అథారిటీ"గా, దానికి తగ్గ సెపరేషన్ కోడ్, రీఎంట్రీ కోడ్. హానరబుల్ వచ్చాక జీఐ బిల్‌కి మళ్లీ అప్లై చేయాలి, పాత తిరస్కరణ దానంతటది మారదు. 2013 జనవరి 1 లేదా ఆ తర్వాత బయటికొచ్చినవాళ్లకు ఆ బిల్‌కి కాలపరిమితి లేదు, అంతకు ముందు వచ్చినవాళ్లకు 15 ఏళ్లే, కాబట్టి వాళ్లు ఈ వారమే రికార్డుల ఉత్తరం పంపండి.