చెరువు హద్దులో మెట్లు పోవాలంటే: క్యూజీఐఎస్‌లో గీతలు నున్నగా చేయడం

మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో, శాటిలైట్ ఇమేజ్ నుంచి వరంగల్ దగ్గరి పాఖాల చెరువు హద్దు తీసి చూడండి, చెరువు కాస్తా మెట్లబావిలా వస్తుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు, పాలిగనైజ్ (పిక్సెళ్లను గీతల ఆకారంగా మార్చే టూల్) కొడితే ఆ పిక్సెళ్ల అంచు వెంబడే గీత పడుతుంది, అంతే. చాలామంది ఇక్కడ నేరుగా స్మూత్ టూల్ తెరిచి ఇటరేషన్స్ (ఎన్నిసార్లు తిప్పాలో) 5 పెట్టి రన్ చేసేస్తారు. మెట్లు కాస్తా అలల్లా మారతాయి, పాయింట్లేమో దాదాపు 32 రెట్లు పెరిగి ఫైలు కదలదు.

ఎందుకంటే ఆ టూల్ వాడేది 1974 నాటి చైకిన్ పద్ధతి. ప్రతి గీత ముక్క మీద పావు దగ్గర ఒక పాయింట్, ముప్పావు దగ్గర ఇంకో పాయింట్ పెట్టి, పాత మూలను తీసేస్తుంది. మూల గుండ్రమవుతుంది గానీ మెట్టు ఎక్కడికీ పోదు. మెట్టును తీసేసే పని, అనవసర పాయింట్లను తగ్గించే సింప్లిఫై టూల్‌ది. అందుకే ముందు సింప్లిఫై, తర్వాతే స్మూత్.

వీటన్నిటికంటే ముందు లేయర్ ఏ సీఆర్‌ఎస్‌లో (కోఆర్డినేట్ల పద్ధతిలో) ఉందో చూసుకోండి. 4326లో (అక్షాంశ రేఖాంశాల్లో) ఉంటే కొలత డిగ్రీల్లో ఉంటుంది, సింప్లిఫైలో టాలరెన్స్ (గీత ఎంత దూరం వరకు జరగొచ్చో) 10 అని కొడితే 10 డిగ్రీలు, అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే, ఇక చెరువు ఎక్కడ మిగులుతుంది? పాఖాలకైతే మీటర్లలో కొలిచే యూటీఎం 44 నార్త్, అంటే 32644కి రీప్రొజెక్ట్ చేయండి. రాస్టర్‌గా, అంటే ఇంకా పిక్సెళ్లుగా ఉన్నప్పుడే సీవ్ టూల్ నడిపి ఒకటి రెండు పిక్సెళ్ల చుక్కలు తీసేస్తే తర్వాత సగం తలనొప్పి ఉండదు.

ఇప్పుడు ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో వెక్టర్ జామెట్రీ కింద సింప్లిఫై తెరిచి, డిస్టెన్స్ పద్ధతిలో టాలరెన్స్ 10 ఇవ్వండి, అంటే ఒక పిక్సెల్ అంత. ఏటవాలుగా ఉన్న అంచులో మెట్టు లోపలి మూలకీ బయటి మూలల గీతకీ మధ్య దూరం దాదాపు 7 మీటర్లే కాబట్టి 10కి అది పోతుంది. 30 పెట్టారంటే వాగు చెరువులో కలిసే సన్నటి మూతి కూడా పోతుంది, అది మనకొద్దు. తర్వాత స్మూత్: ఇటరేషన్స్ 2 లేదా 3, ఆఫ్‌సెట్ 0.25 అలాగే ఉంచండి. చివర్లో ఒకసారి ఫిక్స్ జామెట్రీస్ నడిపి, చెడిన ఆకారాలు సరిచేసుకోండి.

విస్తీర్ణం మాత్రం స్మూత్ చేయకముందే లెక్కపెట్టి కాలమ్‌లో పెట్టేసుకోండి. 100 చదరపు మీటర్ల ఒంటరి పిక్సెల్ ఒక్క ఇటరేషన్‌కే 87.5 అవుతుంది, ఇంకెన్నిసార్లు తిప్పినా 83 దాకా తగ్గుతుంది. పెద్ద చెరువులో ఈ తేడా కనపడదు, చిన్న కుంటల్లో బాగా కనపడుతుంది.

మండలాల్లాగా పక్కపక్కనే ఉండే పాలిగన్లకు ఈ దారి పనికిరాదు. సింప్లిఫై ఒక్కో పాలిగన్‌ను విడిగా చూస్తుంది, ఉమ్మడి హద్దును ఒక మండలం ఒకలా, పక్కది ఇంకోలా గీసుకుంటాయి, మధ్యలో సందులు పడతాయి. స్మూత్ ఒక్కటే చేసినా మూడు మండలాలు కలిసే చోట చిన్న రంధ్రం వస్తుంది. దీనికి గ్రాస్ అనే ఇంకో ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోని వి.జనరలైజ్ వాడండి, ఉమ్మడి హద్దును అది ఒకే గీతగా చూస్తుంది. రోడ్లయితే ముందు జంక్షన్ల దగ్గర ముక్కలు చేసుకోవాలి. గీత కొసలను స్మూత్ కదపదు, మధ్య పాయింట్లనే కదుపుతుంది, కాబట్టి ముక్క చేయకపోతే పక్క రోడ్డు వచ్చి గాల్లో ఆగుతుంది.

సర్వే నంబర్ల హద్దుల జోలికి అసలు పోవద్దు. ఆ మూలలు పిక్సెల్ వల్ల వచ్చినవి కావు, రాళ్లు పాతి కొలిచినవి.