పాత పతకాలు చదవడం – 4వ పాఠం: వెనక్కి తిప్పండి

పోయినసారి రిబ్బన్ దగ్గర ఆగాం. యుద్ధంలో సాహసానికి బ్రిటన్ ఇచ్చే అతి పెద్ద పతకం విక్టోరియా క్రాస్‌కి 1918 దాకా నౌకాదళం వాళ్లకి నీలం, సైన్యం వాళ్లకి ముదురు ఎరుపు రిబ్బన్ అని చెప్పుకున్నాం. కానీ రిబ్బన్ గుడ్డే కదా, మాసిపోతే ఎవరైనా మార్చేస్తారు. అందుకని ఈసారి లోహాన్నే చూద్దాం.

ముందువైపు సింహం, కిరీటం, కింద అక్షరాలు అన్ని క్రాస్‌ల మీదా ఒకటే. అక్కడ టైం వేస్ట్ చేయకుండా తిప్పండి. నడుమ గుండ్రంలో ఒక తేదీ ఉంటుంది. పైన రిబ్బన్ పట్టే కడ్డీ వెనక మనిషి పేరు, హోదా, ఓడ లేదా దళం పేరు ఉంటాయి.

ఆ తేదీని పతకం ఇచ్చిన రోజు అనుకుంటాం. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కాదు, అది సాహసం చేసిన రోజు.

చార్లెస్ లూకస్ సంగతి చూడండి. ఐర్లండ్ కుర్రాడు, ఇరవై ఏళ్లు. 1854 జూన్ 21న బాల్టిక్ సముద్రంలో, బోమర్‌సుండ్ అనే రష్యా కోట ముందు, హెక్లా అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద ఉన్నాడు. కోట నుంచి వచ్చిన గుండు డెక్ మీద పడింది. ఒత్తి ఇంకా కాలుతూనే ఉంది. బోర్లా పడుకోండని అందరికీ కేక వేశారు. ఇతను మాత్రం పరుగున వెళ్లి, దాన్ని రెండు చేతులా ఎత్తి, ఓడ అంచు మీంచి బయటికి విసిరేశాడు. నీళ్లను తాకేలోపే పేలింది. ఓడలో ఒక్కరూ చనిపోలేదు.

ఆ రోజుకి విక్టోరియా క్రాస్ అనేదే లేదు! 1856 జనవరి 29న పెట్టి, అంతకుముందు చేసిన సాహసాలకీ ఇచ్చారు. వాటిలో అన్నిటికన్నా ముందుది లూకస్ చేసిందే. 1857 జూన్ 26న లండన్ హైడ్ పార్కులో రాణి 62 మందికి తన చేత్తో తగిలించింది. ఆ వరసలో మొదటివాడు లూకస్ కాదు, హెన్రీ రేబీ. కాబట్టి "మొదటి విక్టోరియా క్రాస్ ఎవరిది?" అని ఎవరైనా అడిగితే, చేసిన తేదీయా, ఇచ్చిన తేదీయా అని ఎదురడగండి.

మరి వెనక ఏమీ చెక్కి లేకపోతే? నకిలీ అని తేల్చేయకండి. లూకస్ తన పతకాలన్నీ రైల్లో మరిచిపోయాడు, మళ్లీ దొరకలేదు. బదులుగా చేయించిన క్రాస్ గ్రీనిచ్ మ్యూజియంలో ఉంది. దాని వెనక ఖాళీ.

ఇంటిపని: మీ ఇంట్లో తాతగారి పతకం ఉంటే వెనకున్నది ఉన్నట్టు రాసుకోండి. మెరవాలని చింతపండుతో మాత్రం తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. వచ్చే పాఠంలో అంచు మీద రాసే పేర్లు, నంబర్లు.