ధర్నాకి పోయేముందు ఇంట్లో చెప్పి పోవాల్సినవి

వచ్చే వారం ఒంగోలు కలెక్టరేట్ దగ్గర ధర్నాకి మా ఊరి నుంచి రెండు ఆటోలు పోతన్నాయి, మొదటిసారి వచ్చే కుర్రోళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ కోసమే రాస్తన్నా. పోవద్దని చెప్పట్లా. 1928లో మద్రాసులో తుపాకీకి గుండె చూపించిన ప్రకాశం పంతులు జిల్లా ఇది, పోవాల్సిందే, కాకపోతే తెలిసి పోవాలి.

30 యాక్ట్, అంటే ఊరేగింపులకి, సభలకి ముందే పర్మిషన్ తీసుకోవాలనే పోలీస్ యాక్ట్ 30వ సెక్షన్, అమల్లో ఉందేమో ముందే కనుక్కోండి. పర్మిషన్ లెటర్ పెడితే దాని కాపీ మీద స్టాంపు వేయించుకోండి. 30 యాక్ట్ కింద కేసు పెట్టినా పెద్ద ఇబ్బంది లేదు, అసలు భయం ఉపాతోనే, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (UAPA). 2004లో పాత ఉగ్రవాద నిరోధక చట్టం పోటా రద్దయిందని సంబరపడ్డాం గానీ అదే ఏడాది అందులోవి చాలా ఉపాలోకి తెచ్చారు, బెయిలు మెలిక 2008లో పెట్టారు, 2019 నుంచైతే సంస్థ అక్కర్లా, ఒక్క మనిషిని కూడా ఉగ్రవాది అని ప్రకటించొచ్చు. మామూలు కేసులో 60, 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు, ఇందులో 180 రోజుల దాకా లాగొచ్చు. పైగా ఆ బెయిలు మెలిక, ఉపా 43డి(5) సెక్షన్ కింద ఆరోపణ పైకి నిజమేననిపిస్తే చాలు, జడ్జి బెయిలు ఇవ్వడానికి లేదు, తప్పు తేలకుండానే ఏళ్ళు లోపలే గడిచిపోతాయి.

అరెస్టు చేసినోళ్ళని 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, అందుకే ఆ మొదటి 24 గంటల లెక్క మన చేతిలో ఉండాలి. మా బావని ఒకసారి రాత్రి తొమ్మిదిన్నరకి "ఊరికే మాట్లాడి పంపిస్తాం" అని తీసకపోయారు, కాగితాల్లో మాత్రం మర్నాడు పదకొండింటికి అరెస్టు అని రాశారు. మా అత్త పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీద ఆ రాత్రే టైము, జీపు నంబరు పెన్సిల్‌తో రాసి పెట్టింది. లాయరు కోర్టులో మొదట చూపించింది ఆ క్యాలెండరే! ఇంట్లో ఆడోళ్ళకి ఈ ఒక్క పని నేర్పి పోండి చాలు.

అరెస్టు ఎందుకో కారణాలు రాతలో అడగండి, ఉపా కేసుల్లో కూడా రాతపూర్వకంగా ఇవ్వాల్సిందేనని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు, ఎంత మంచిగా అడిగినా సరే. విచారణలో మనం చెప్పింది పోలీసులు రాసుకుంటారు, దాని మీద మన సంతకం అక్కర్లేదు. ఫోన్ తీసుకుంటే పంచనామా కాపీ అడగండి. సాక్షిగా పిలిస్తే ఆడోళ్ళు, అరవై దాటిన పెద్దోళ్ళు స్టేషన్‌కి పోనవసరం లేదు, పోలీసులే ఇంటికి రావాలి.

ఇంకోటి, వాట్సాప్. నిషేధించిన సంస్థ కరపత్రాలు ఏమీ చూడకుండా ఫార్వర్డ్ చెయ్యొద్దు తమ్ముడూ, అలాంటి సంస్థలో సభ్యత్వం ఉంటే చాలు, ఇంకేం చెయ్యకపోయినా నేరమేనని 2023లో సుప్రీంకోర్టు తేల్చేసింది, నువ్వు సభ్యుడివనడానికి ఆ ఫార్వర్డే రేపు నీ మీద సాక్ష్యంగా పెడతారు.

మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడు కొట్టారా అని అడిగితే తల దించుకోవద్దు, చెప్పండి, దెబ్బలు చూపించండి, రాయించండి. లాయరుకి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ వాళ్ళు ఉచితంగా చూస్తారు. ఫోన్ లాక్కుంటే నంబర్లు గుర్తుండవు, అందుకే లాయరు నంబరు, ఇంటి నంబరు బాల్‌పెన్నుతో మోచెయ్యి లోపలి వైపు రాసుకోండి, ఆటో ఎక్కకముందే.