కరెంటుకు తిరుగుదారి కావాలి: నాలుగు, ఐదు తరగతులకు విద్యుత్ వలయాన్ని నేర్పే పద్ధతి

తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లె బడుల్లో చదివే పిల్లలకు కరెంటు కొత్త విషయం కాదు. బడిలో చేరకముందే వాళ్లకు బోరు మోటరు స్టార్టరు తెలుసు, త్రీఫేజు కరెంటు కోసం ఇంట్లో పెద్దవాళ్లు ఎదురుచూడడం తెలుసు. ఆ పరిచయమే పాఠానికి ఒక చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. మోటరు తోడిన నీళ్లు ఒక గొట్టంలో వెళ్లి వేరుశనగ చేలో ఇంకిపోతాయి తప్ప తిరిగి బోరుకు చేరవు కాబట్టి, కరెంటు కూడా ఒకే వైరులో వచ్చి బల్బులో ఖర్చైపోతుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని వాళ్ల చేతులతోనే సరిచేయించడం ఈ పాఠంలో అసలు పని.

నలుగురికి ఒక జట్టు చొప్పున 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లులు రెండు, 2.5 వోల్టుల టార్చి బల్బులు రెండు, జానెడు పొడవున్న వైరు ముక్కలు నాలుగు, కొంచెం ఇన్సులేషన్ టేపు చాలు. వైరు కొనల మీది ప్లాస్టిక్ తొడుగును మీరే ముందుగా అంగుళం మేర ఒలిచి ఉంచండి. ఇప్పుడు టార్చిలైట్లలో ఎక్కువగా ఎల్‌ఈడీలే వస్తున్నాయి, అయినా మొదటి పాఠానికి పాత రకం బల్బునే వెతికి తెచ్చుకోవడం మంచిది, ఎందుకంటే దానిలోని సన్నని ఫిలమెంటు కంటికి కనిపిస్తుంది, పైగా ఎటు తిప్పి కలిపినా అది వెలుగుతుంది. ఎల్‌ఈడీ మాత్రమే దొరికితే తెల్లని కాంతినిచ్చేది తీసుకుని, దానికి రెండు సెల్లులను వరుసగా పెట్టి, పొడవు కాలును సెల్లు మీద లోహపు టోపీ ఉన్న ధన ధ్రువం వైపు కలపాలి.

మొదటి రోజు బోర్డు మీద బొమ్మ గీయకండి. తొలి ఏడాది నేను ఆ తప్పు చేశాను. పిల్లలు బొమ్మను చూసి చక్కగా కలిపారు, బల్బులన్నీ వెలిగాయి, కానీ వారం తరువాత చూడకుండా గీయమంటే చాలామంది సెల్లు నుంచి బల్బుకు ఒక్క గీతే గీశారు. అందుకని ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక వైరు ఇచ్చి, ఎలా కలిపితే వెలుగుతుందో ముందు నోటు పుస్తకంలో గీయించి, ఆ తరువాతే చేసి చూడమనండి. ఒక్క సెల్లుకు వెలుగు మందంగా ఉంటుంది కాబట్టి కిటికీలు కాస్త మూయండి. దాదాపు అందరూ మొదట వైరును సెల్లు టోపీ నుంచి బల్బు అడుగు బొడిపెకు కలుపుతారు. అది వెలగదు. తొందరపడి సాయం చేయకుండా పది నిమిషాలు ఓపిక పడితే, ఎవరో ఒకరు బల్బు బొడిపెను సెల్లు టోపీ మీద నిలబెట్టి, సెల్లు అడుగు నుంచి తెచ్చిన వైరును బల్బు పక్కనున్న లోహపు తొడుగుకు తాకిస్తారు. ఆ వెలుగుతోపాటు బల్బుకు కూడా రెండు కొనలున్నాయన్న సంగతి తరగతికంతా తెలిసిపోతుంది.

ఈ ప్రయత్నాల్లో కొందరు సెల్లు రెండు కొనలను ఒకే వైరుతో నేరుగా కలిపేస్తారు. మా తరగతిలో ఒక అమ్మాయి అలాగే పట్టుకుని, "సార్, చుర్రుమంటోంది" అంటూ వదిలేసింది. అలా కలిపితే వైరు వేడెక్కుతుందని, సెల్లు త్వరగా పాడవుతుందని, దాన్నే షార్ట్ సర్క్యూట్ అంటారని అక్కడికక్కడే చెప్పండి.

తిరుగుదారిని అర్థం చేయించడానికి నీటి గొట్టం కంటే సైకిలు చైను మేలు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి పెడలు తిప్పించండి. చైను లంకెలన్నీ ఒకేసారి కదులుతాయి, వెళ్లిన లంకె మళ్లీ వెనక్కి వస్తుంది, ఒక్కటి కూడా ఖర్చుకాదు, అయినా చక్రం తిరుగుతుంది. ఒక లంకె ఊడితే అంతా ఆగిపోతుంది. అప్పుడు "మా ఇంట్లో ఫ్యానుకు ఒక వైరే ఉంది కదా" అని ఎవరైనా తప్పక అడుగుతారు. దేనికీ కలపని పాత ఫ్యాను వైరు ముక్కను వాళ్ల ముందే కోసి పై తొడుగు ఒలిచి చూపితే, లోపల వేర్వేరు రంగుల వైర్లు విడివిడిగా బయటపడతాయి.

కరెంటును పోనిచ్చే వాహకాలు, పోనివ్వని బంధకాల పరీక్షలో వలయం మధ్య పెట్టి చూడడానికి నాణెం, రబ్బరు, జడపిన్ను, గాజు గాజులు, లోహపు గాజులు ఇవ్వండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దీన్ని దాటవేయకూడదు. గ్లాసులోని నీళ్లలో వైరు కొనలు ముంచితే టార్చి బల్బు వెలగదు, పిల్లవాడి వేళ్ల మధ్య పెట్టినా వెలగదు. దాంతో నీళ్లలో గాని ఒంట్లో గాని కరెంటు పోదని వాళ్లు తేల్చేసుకుంటారు. వాటిగుండా బల్బును వెలిగించేంత కరెంటును తోయడానికి 1.5 వోల్టులు చాలవని, ఇంటి ప్లగ్గులోని 230 వోల్టులు మాత్రం ప్రాణం తీయగలవని ఆ రోజే స్పష్టంగా చెప్పాలి. తడి చేత్తో స్విచ్చు ముట్టుకోవడం, స్టార్టరు డబ్బా తెరవడం, అడవి పందుల కోసం చేల చుట్టూ కట్టిన తీగ దగ్గరికి వెళ్లడం ఎంత ప్రమాదమో కూడా ఇదే సందర్భంలో చెప్పండి. ఈ ప్రయోగాలను సెల్లుతో తప్ప మరి దేనితోనూ ఇంట్లో చేయబోమని ప్రతి ఒక్కరి చేత అనిపించండి.

రెండో రోజు రెండు సెల్లులతో రెండు బల్బులను మొదట వరుసగా, తరువాత విడివిడి దారుల్లో కలిపించండి. వరుసగా కలిపితే రెండూ మందంగా వెలుగుతాయి, ఒకదాన్ని తీస్తే రెండోదీ ఆరిపోతుంది. తిరుపతి గంగమ్మ జాతరలో సీరియల్ సెట్లు చూసిన పిల్లలకు ఒక బల్బు పోతే ఆ వరుసంతా ఎందుకు ఆరుతుందో ఇక్కడ తెలుస్తుంది. విడివిడి దారుల్లో కలిపితే ఒకటి తీసినా రెండోది వెలుగుతూనే ఉంటుంది, ఇళ్లలో వైరింగు చేసేది ఈ పద్ధతిలోనే.

వీలైతే పాఠం ముగిశాక అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకువెళ్లండి. సామాను సర్దేటప్పుడు సెల్లులను, ఒలిచిన వైర్లను వేర్వేరు డబ్బాల్లో పెట్టండి, లేకపోతే డబ్బాలోనే కొనలు తగులుకుని మరుసటి వారానికి సెల్లులన్నీ అయిపోతాయి.